క్రిస్మస్ కానుకలకు ఫ్యూజ్డ్ గ్లాస్: ఏది చేయాలి, ఎక్కడ కాల్చాలి?

అమెరికాలో పిల్లలు బడికెళ్లే ఇల్లయితే డిసెంబరు కానుకల లిస్టు చూస్తుండగానే పెరిగిపోతుంది. క్లాస్ టీచరు, మ్యూజిక్ టీచరు, బస్ డ్రైవరు, పక్కింటివాళ్లు, రోజూ పోస్టు తెచ్చే ఆయన, ఆఫీసులో సీక్రెట్ శాంటా, పాట్‌లక్‌లలో కలిసే నాలుగైదు తెలుగు కుటుంబాలు. అందరికీ గిఫ్ట్ కార్డులిచ్చి ఊరుకోవచ్చు. చేత్తో చేసిందేదైనా ఇద్దాం అనుకునేవాళ్లకు మాత్రం ఫ్యూజ్డ్ గ్లాస్ మంచి దారి. రంగు గాజు పలకల్ని చల్లగా ఉండగానే కోసి, ఒకదాని మీద ఒకటి పేర్చి కిల్న్‌లో, అంటే గాజు కాల్చే బట్టీలో పెడితే, సుమారు 800 డిగ్రీల సెల్సియస్ దగ్గర అవన్నీ కరిగి ఒకటే ముక్క అవుతాయి. గొట్టంతో ఊదడాలు, మంట ముందు కూర్చోవడాలు ఉండవు. మన పనంతా డైనింగ్ టేబుల్ మీదే.

చిక్కల్లా ఏది చేయాలో తేల్చుకోవడంలోనే. క్రిస్మస్ చెట్టుకు తగిలించే ఆర్నమెంట్లా, కప్పుల కింద పెట్టే కోస్టర్లా, ప్లేట్లా? స్టూడియోకి వెళ్లాలా, మైక్రోవేవ్ కిల్న్ కొనాలా, ఏకంగా ఎలక్ట్రిక్ కిల్నే తెచ్చుకోవాలా? షాపులో రంగు పలకలు చూసి మనసు పడి నిర్ణయించుకున్నవాళ్లు డిసెంబరు మూడో వారంలో టెన్షన్ పడుతుంటారు. నన్నడిగితే ముందు కిల్న్ షెల్ఫ్, అంటే లోపల ముక్కలు పేర్చే పలక, కొలత చూసుకోవాలి. రంగుల సంగతి ఆ తర్వాత.

## మొదట తేల్చుకోవలసినవి

ఎంతమందికి ఇవ్వాలి, కిల్న్‌లో ఎన్ని పడతాయి? ఈ రెండూ కలిపి చూడాలి. ఇళ్లలో పెట్టుకునే చిన్న కిల్న్‌కి 20 సెంటీమీటర్ల షెల్ఫ్ ఉంటుంది. కాల్చి, పూర్తిగా చల్లారేదాకా ఆగి, తీసి, మళ్లీ సర్దాలంటే రోజుకు ఒక్క విడతే అనుకోండి. ఇరవై మందికి నాలుగేసి కోస్టర్ల సెట్లు ఇద్దామనుకుంటే, విడతకు ఒక సెట్ చొప్పున ఇరవై రోజులు కిల్న్ ఆగకుండా పనిచేయాలి. అదే ఇరవై మందికి ఆర్నమెంట్లయితే మూడు నాలుగు విడతల్లో అయిపోతుంది. రెండిటికీ పెట్టే శ్రద్ధ ఇంచుమించు ఒకటే, క్యాలెండరు మీద మాత్రం నేలకూ నింగికీ ఉన్నంత తేడా.

ఎన్నిసార్లు కాల్చాలి? బల్లపరుపుగా ఉండేవి ఒకసారి కాలిస్తే చాలు. ప్లేటులా, గిన్నెలా వంగినవి రెండుసార్లు కాల్చాలి: మొదట కరిగించి అతికించడానికి, తర్వాత మూస మీద పెట్టి వంచడానికి.

ఎలా చేరుతుంది? చేతికిచ్చేది వేరు, పోస్టులో పంపేది వేరు, ఇండియా వెళ్లే సూట్‌కేసులో పెట్టేది వేరు. గాజు బరువు క్యూబిక్ సెంటీమీటరుకు రెండున్నర గ్రాములు. చూడ్డానికి చిన్నగా ఉన్నా చేతిలోకి తీసుకుంటే బరువు తెలుస్తుంది.

ఏం చేసుకుంటారు? తగిలించుకుంటారా, వేసుకుంటారా, అందులో పెట్టుకుని తింటారా? తిండి తగిలే వస్తువైతే గాజు ఎంపికే మారిపోతుంది. ఆ సంగతి ప్లేట్ల దగ్గర చెప్తాను.

## కాల్చడానికి మూడు దారులు

| | మైక్రోవేవ్ కిల్న్ | స్టూడియో | సొంత ఎలక్ట్రిక్ కిల్న్ |
|---|---|---|---|
| చోటు | అరచేతికి మించదు | పెద్దదే, కానీ నలుగురితో పంచుకోవాలి | చిన్నవాటిలో 20 సెం.మీ. షెల్ఫ్ |
| పట్టే సమయం | కరగడానికి నిమిషాలు, చల్లారడానికి అరగంట పైనే | చేతికి రావడానికి సాధారణంగా కొన్ని రోజులు | విడతకు దాదాపు ఒక రోజు |
| వేడి మీద అదుపు | కంటి అంచనా | వాళ్లే చూసుకుంటారు | డిగ్రీలు, నిమిషాల లెక్కన మన చేతిలోనే |
| దేనికి | పెండెంట్లు, చెవి దిద్దులు | పది పన్నెండు కానుకల వరకు ఏవైనా | ఏడాది పొడవునా చేసేవాళ్లకు |

మైక్రోవేవ్ కిల్న్ అంటే తెల్లటి డబ్బా, పైన మూత. లోపలి పూత మైక్రోవేవ్‌లను పీల్చుకుని ఎర్రగా కాలుతుంది. నాలుగైదు నిమిషాల్లో గాజు కరుగుతుంది. ఆడుకోవడానికి సరదాగా ఉంటుంది, ఖర్చు కూడా తక్కువ. లోటు ఎక్కడంటే చల్లార్చడం మన చేతిలో ఉండదు. గాజును నిదానంగా, ఒక నిర్ణీత వేడి దగ్గర కాసేపు నిలిపి చల్లార్చకపోతే లోపల ఒత్తిడి మిగిలిపోతుంది. అలా నిదానంగా చల్లార్చడాన్నే అనీలింగ్ అంటారు. రెండు సెంటీమీటర్ల పెండెంటుకు మూత తీయకుండా ఉంచితే ఆ మాత్రం చాలు, కోస్టరుకు చాలదు. వంట చేసుకునే మైక్రోవేవ్‌ను దీనికి వాడొద్దు, గరాజ్‌లో పడున్న పాతది ఉంటే అది తీయండి. ఒక్కో మైక్రోవేవ్ శక్తి ఒక్కోలా ఉంటుంది కాబట్టి, ఖరీదైన గాజు పెట్టే ముందు రంగులేని క్లియర్ ముక్కలతో మీ మెషీన్‌కు ఎన్ని నిమిషాలు సరిపోతుందో చూసుకోండి.

మొదటిసారి చేస్తున్నవాళ్లకు నా ఓటు స్టూడియోకే. గాజు పని మాత్రమే చేసే స్టూడియోలు ఉన్నాయి, మట్టి కప్పులకు రంగులు వేయించే షాపులు కొన్ని ఫ్యూజింగ్ కూడా చేయిస్తాయి. ముక్కకింతని తీసుకుంటారా, షెల్ఫుకింతనా అన్నది ఒక్కోచోట ఒక్కో పద్ధతి. ఫోన్ చేసినప్పుడు ధర ఒక్కటే అడిగి పెట్టేయకండి. క్రిస్మస్‌లోపు చేతికి రావాలంటే ఆఖరి తేదీ ఎప్పుడు, ఏ కంపెనీ గాజు వాడతారు, ఇంట్లో అమర్చి తెస్తే కాలుస్తారా, అన్నీ ఒకే ప్రోగ్రామ్‌లో కాలుస్తారా, ఇవి అడగాలి. చివరిది మరీ ముఖ్యం. మా స్నేహితురాలు గాజు పుల్లలతో ఎత్తుగా, ముద్దుగా స్నోఫ్లేక్స్ చేసి ఓ స్టూడియోలో ఇచ్చింది. వాళ్లు అందరి ప్లేట్లతో కలిపి పూర్తిగా కరిగించేశారు. తిరిగొచ్చినవి బల్లపరుపు తెల్ల మచ్చలు. పుల్లలు పుల్లల్లాగే కనబడాలంటే 740–760 డిగ్రీల దగ్గర ఆపాలి, దీన్ని ట్యాక్ ఫ్యూజ్ అంటారు. అంతా ఒకటై నున్నగా రావాలంటే 800 దాటాలి, అది ఫుల్ ఫ్యూజ్. మీకు ఏది కావాలో చీటీ రాసి పెట్టెకు అంటించండి.

ఇంట్లో అమర్చుకుని కారులో తీసుకెళ్లేటప్పుడు ముక్కలు జారతాయి. పిల్లల తెల్ల జిగురులో నీళ్లు కలిపి, మూలల్లో చుక్క పెడితే నిలుస్తాయి, కిల్న్‌లో ఆ జిగురు కాలిపోతుంది. ఎక్కువ పూస్తే మాత్రం మసక, బుడగలు మిగులుతాయి.

ఇక సొంత కిల్న్. 20 సెంటీమీటర్లది చాలావరకు మామూలు 120 వోల్టుల ప్లగ్గు మీదే నడుస్తుంది, అదే లైను మీద హీటరో, హెయిర్ డ్రయ్యరో లేకుండా చూసుకోవాలి. బాగా పెద్దవాటికి 240 వోల్టులు కావాలి, అంటే ఎలక్ట్రీషియన్ ఖర్చు అదనం. చిన్న డిజిటల్ కిల్నే వెయ్యి డాలర్ల అటూ ఇటూగా ఉంటుంది, షెల్ఫ్, కట్టర్, గాజు వేరే. గోడకు కనీసం అడుగు దూరం, కింద కాంక్రీటు నేల, కిటికీ గాలి ఉండాలి. అద్దె అపార్ట్‌మెంట్ అయితే ముందు ఓనర్‌ని అడగండి.

సొంత కిల్న్ ఇచ్చే లాభం ప్రోగ్రామ్ మన చేతిలో ఉండటం. ఆరు మిల్లీమీటర్ల బుల్స్‌ఐ కంపెనీ గాజుకు నడిచే ప్రోగ్రామ్ ఒకటి చెప్తాను. గంటకు 220 డిగ్రీల చొప్పున 660 దాకా ఎక్కించి అక్కడ అరగంట నిలపాలి, పొరల మధ్య గాలి బయటికి పోవడానికి ఆ అరగంట. తర్వాత గంటకు 330 చొప్పున 804కి వెళ్లి పది నిమిషాలు. అక్కణ్ణుంచి త్వరగా 482కి దిగి గంట సేపు, అదే అనీలింగ్. గంటకు 50 చొప్పున 370కి దింపి ఆపేయాలి. గది వేడికి వచ్చేదాకా మూత ఎత్తకూడదు. పొద్దున్న పెడితే చేతికి వచ్చేసరికి రాత్రి పొద్దుపోతుంది. ఒక్క డిసెంబరు కోసం ఇదంతా కొనడం నాకైతే దండగనిపిస్తుంది. పుట్టినరోజులకు, గృహప్రవేశాలకు కూడా చేసిస్తాం అనుకునేవాళ్లు కొనుక్కోవచ్చు.

## ఏ గాజు: 90, 96, లేక ఇంట్లో ఉన్నవి?

షాపులో పలకల మీద 90 అనో, 96 అనో రాసి ఉంటుంది. వేడికి ఆ గాజు ఎంత సాగుతుందో చెప్పే సంఖ్య అది. ఒరెగన్‌లోని పోర్ట్‌లాండ్‌లో 1974లో మొదలైన బుల్స్‌ఐ కంపెనీది 90. వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పెక్ట్రమ్ కంపెనీ సిస్టమ్ 96 పేరుతో అమ్మేది. 2016లో అది మూతపడ్డాక ఆ గాజును ఓషన్‌సైడ్ కంపెనీ తీసుకుంది. వెస్ట్ వర్జీనియా కంపెనీ విస్‌మాక్ రెండు రకాలూ చేస్తుంది.

90కీ 96కీ తేడా ఆరే కదా అని కలపొద్దు. లెక్క వేసి చూడండి: పది సెంటీమీటర్ల ముక్క అయిదు వందల డిగ్రీలు చల్లారేసరికి ఆ రెండిటి కుదింపులో తేడా సుమారు 0.03 మిల్లీమీటర్లు. గాజు ఆ మాత్రం కూడా సాగదు. కిల్న్ నుంచి బాగానే వస్తుంది, టీచరుగారి ఇంట్లో జనవరిలో ఏ అర్ధరాత్రో టప్‌మని పగులుతుంది. రెండింటిలో ఏది మంచిదంటే ఏదైనా ఒకటే, రంగులు రెండిట్లోనూ కావలసినన్ని ఉన్నాయి. మీకు దగ్గర్లోని స్టూడియో ఏది కాలుస్తుందో అది కొని, దానికే కట్టుబడి ఉండండి. ఒకే సంఖ్య ఉన్నా వేర్వేరు కంపెనీల పలకలు కలిపే ముందు "ఫ్యూజింగ్‌కు పరీక్షించింది" అని లేబుల్ మీద ఉందో లేదో చూడాలి.

మనవాళ్లకు ఇంకో ఆశ పుడుతుంది. ఊరి నుంచి తెచ్చిన చేతి గాజులు పగిలితే ఆ ముక్కలు పారేయబుద్ధి కాదు. శ్రీకాళహస్తి దగ్గరి పాపానాయుడుపేట పూసలు కాసిన్ని ఎవరో తెచ్చిచ్చి ఉంటారు, గాజు కరిగించి గొట్టంలా లాగి, చిన్న ముక్కలుగా నరికి పూసలు చేసే పాత విద్యకు పేరున్న ఊరది. వాటిని బుల్స్‌ఐ పలక మీద పేర్చితే ఎంత బాగుంటుందో అనిపిస్తుంది. చేయొద్దు. వాటి సాగుడు సంఖ్య ఏమిటో మనకు తెలియదు, అది 90కో 96కో సరిపడుతుందని అనుకోవడానికి ఆధారం లేదు. కిటికీ అద్దానిదీ, సీసాలదీ ఇదే కథ.

అయినా చూడాలనే ఉంటే పరీక్ష ఒకటుంది. క్లియర్ పలక మీద చేతి గాజు ముక్కను ట్యాక్ ఫ్యూజ్ చేసి, చల్లారాక ల్యాప్‌టాప్‌లో తెల్లటి స్క్రీన్ పెట్టి దాని ముందు పట్టుకోండి. కళ్లకు పోలరైజ్డ్ చలువ అద్దాలు పెట్టుకుని, స్క్రీన్ నల్లబడేదాకా తలను పక్కకి వంచండి. చాలా ఎల్సీడీ స్క్రీన్లకు ఇది పనిచేస్తుంది. ముక్క చుట్టూ తెల్లటి వెలుగు వలయం కనిపిస్తే లోపల ఒత్తిడి ఉన్నట్టు, ఆ జత పనికిరాదు. చీకటిగా ఉంటే ఆశ ఉంది. గాజుల డజనులో ఒకటి నెగ్గిందని మిగతా పదకొండూ నెగ్గుతాయనుకోవద్దు. పాత గాజుల ముక్కలు వాడి తీరాలనుకుంటే కాల్చడం మానేసి, ఫోటో ఫ్రేము చుట్టూ జిగురుతో అంటించడం క్షేమం.

## కానుకల పోలిక

కింది లెక్కలు ఆరు మిల్లీమీటర్ల మందానికి, 20 సెంటీమీటర్ల చదరపు షెల్ఫుకు వేసినవి. ముక్కల మధ్య కాస్త ఎడం ఉండాలి కాబట్టి షెల్ఫును నిండా నింపలేం.

| కానుక | కొలత | బరువు | ఎన్నిసార్లు కాల్చాలి | విడతకు ఎన్ని | కొత్తవాళ్లకు |
|---|---|---|---|---|---|
| ఆర్నమెంట్ | 5×6 సెం.మీ. | 20–45 గ్రా. | 1 | 6–9 | సులువు |
| కోస్టర్ | 9×9 సెం.మీ. | 120 గ్రా. | 1 | 4 | సులువే, ఓపిక కావాలి |
| పెండెంట్ | 2×3 సెం.మీ. | 9 గ్రా. | 1 | 20కి పైగా | సులువు |
| చిన్న ప్లేటు | 18×18 సెం.మీ. | 490 గ్రా. | 2 | 1 | కొంచెం కష్టం |
| సన్‌క్యాచర్ | 8×18 సెం.మీ. | 215 గ్రా. | 1 | 2 | సులువు |
| నైట్ లైట్ | 7×9 సెం.మీ. | 95 గ్రా. | 1 | 4 | మధ్యస్థం |

ఆరు మిల్లీమీటర్లు ఎందుకంటే, కరిగిన గాజు తనంతట తాను చేరుకునే మందం ఇంచుమించు అదే. మూడు మిల్లీమీటర్ల పలక ఒక్కటే పెట్టి పూర్తిగా కరిగిస్తే అంచులు లోపలికి ముడుచుకుని, మూలలు ముళ్లలా వస్తాయి. రెండు పొరలు పెడితే కోసిన కొలత అలాగే నిలుస్తుంది. అందుకే గాజు ఖర్చు లెక్కేసేటప్పుడు ప్రతిదానికీ రెండింతలు వేసుకోవాలి.

### ఆర్నమెంట్లు

లిస్టు పదిహేను దాటితే వేరే ఆలోచన వద్దు, ఇవే చేయండి. క్రిస్మస్ చెట్టు అన్నిటికన్నా తేలిక, ఎందుకంటే త్రికోణంలో అన్నీ నిటారు కోతలే. క్లియర్ త్రికోణం అడుగున పెట్టి, రెండు మూడు పచ్చల పట్టీలను అడ్డంగా పరిచి, పైన ఎర్ర ఫ్రిట్ చల్లితే అయిపోయింది. ఫ్రిట్ అంటే నలగ్గొట్టిన గాజు, బొంబాయి రవ్వంత సన్నం నుంచి శనగబేడలంత ముతక దాకా దొరుకుతుంది. కోయడం పెద్దవాళ్లు చేసి, చల్లడం పిల్లలకు వదిలేయొచ్చు. కళ్లద్దాలు తప్పనిసరి, మెత్తటి పొడి రకం వాడితే ఎన్95 మాస్కు కూడా. పిల్లలకు ముతక రకమే ఇవ్వండి.

నక్షత్రం చేయాలని చాలామందికి ఉంటుంది, మన వైపు క్రైస్తవుల ఇళ్ల ముందు డిసెంబరంతా స్టార్ వేలాడుతుంది కదా. ఒకే పలకలో కోయబోతే విరుగుతుంది. కట్టర్ గీత వెంబడి గాజు తిన్నగా చీలుతుందే తప్ప, లోపలికి తిరిగే మూల దగ్గర ఆగదు. దానికి బదులు అయిదు వజ్రాకారపు ముక్కలు కోసి, గుండ్రటి క్లియర్ పలక మీద మొనలు కలిపి పేర్చండి. గుండ్రం కోయడం రాకపోతే అంచులు చిన్న చిన్న నిటారు కోతలతో తీసేయొచ్చు, కిల్న్ వాటిని కొంత నున్నన చేస్తుంది.

తగిలించే కొక్కెం సంగతి ముందే చూసుకోవాలి. వేడిని తట్టుకునే నైక్రోమ్ తీగను చిన్న లూప్‌లా వంచి, రెండు పొరల మధ్య దాని కాళ్లు ఇరికించి కాలిస్తే గట్టిగా పట్టేస్తుంది. మరచిపోతే కాల్చాక నీళ్లలో ఉంచి డైమండ్ బిట్‌తో బెజ్జం వేయాలి, పని రెట్టింపు.

### కోస్టర్లు

మగవాళ్లకు ఏమివ్వాలో తెలియనప్పుడు, ఇంట్లో చెట్టు పెట్టని వాళ్లకు ఇవ్వాల్సినప్పుడు కోస్టర్లు బాగా ఆదుకుంటాయి. పండగతో ముడిపడని వస్తువు కాబట్టి మార్చిలోనూ టేబుల్ మీదే ఉంటాయి. మామూలుగా అందరూ పది సెంటీమీటర్లకు కోస్తారు. మన షెల్ఫు మీద అవి నాలుగు పట్టవు. తొమ్మిదికి కోస్తే నాలుగూ ఒకే విడతలో వస్తాయి, కప్పు నిలబడటానికి ఆ చోటు ధారాళంగా సరిపోతుంది.

ధనుర్మాసం కూడా అప్పుడే కాబట్టి తెలుగు స్నేహితులకిచ్చే సెట్ల మీద ముగ్గులు వేయొచ్చు. ముదురు నీలం పలక మీద తెల్ల ఫ్రిట్ గింజలే చుక్కలు, స్ట్రింగర్లే గీతలు. స్ట్రింగర్ అంటే మిల్లీమీటరు మందం గాజు పుల్ల. కొవ్వొత్తి మంట మీద అడ్డంగా పట్టుకుంటే కొన్ని సెకన్లకు మెత్తబడి, దాని బరువుకు అదే వంగడం మొదలుపెడుతుంది, అప్పుడు నెమ్మదిగా మెలిక తిప్పాలి. రెండు మిల్లీమీటర్ల పుల్లలు మంట తగలగానే చిట్లుతుంటాయి, సన్నవే తీసుకోండి. నాలుగు చుక్కల మెలిక ముగ్గుకు మించి ఆశపడొద్దు, గీతలు కరిగాక కాస్త వెడల్పవుతాయి, దగ్గరగా ఉంటే ఒకదాన్నొకటి అంటుకుంటాయి. వీటిని ఫుల్ ఫ్యూజే చేయాలి, గీతలు ఎత్తుగా మిగిలితే కప్పు ఊగుతుంది. అడుగున నాలుగు రబ్బరు బొడిపెలు అంటించండి.

టీ కప్పు పెట్టుకోవచ్చు. పొయ్యి మీద నుంచి దించిన గిన్నె పెట్టకూడదని కార్డు మీద రాసివ్వండి. లేకపోతే మన ఇళ్లలో తప్పకుండా పెడతారు.

### పెండెంట్లు

తేలిక, చౌక, విడతకు ఇరవై. ఇండియా తీసుకెళ్లడానికి ఇంతకన్నా నయమైంది లేదు. పాతిక పెండెంట్లు కలిపినా పావుకిలో దాటవు. మెరుపు కావాలంటే డైక్రోయిక్ గాజు ఉంది, పట్టుకున్న కోణాన్ని బట్టి రంగు మారుతుంది. ధర బాగా ఎక్కువ, కానీ ఒక్కోదానికి పట్టేది గోరంత ముక్కే. పైన క్లియర్ పొర వేస్తే నున్నగా, వేయకపోతే గరుకు లోహంలా వస్తుంది, రెండూ బాగుంటాయి. గొలుసు వేసే కొక్కేన్ని కాల్చాక ఇ6000 లాంటి జిగురుతో అంటించి, ఒకటి నుంచి మూడు రోజులు ఆరనివ్వాలి. ఈ రోజులు లెక్కలో వేసుకోకుండా 24న అంటించి 25న ఇస్తే గొలుసు ఒకచోట, గాజు ఒకచోట.

ఇబ్బందల్లా అభిరుచి దగ్గరే. నగల విషయంలో ఎదుటివాళ్లకు ఏది నచ్చుతుందో చెప్పలేం. దగ్గరివాళ్లకైతే ఇవ్వండి, పిల్లల టీచరుకు ఇవ్వాలంటే ఆర్నమెంటే నయం.

### చిన్న ప్లేట్లు

చూడగానే "ఇది నువ్వే చేశావా?" అనిపించేవి ఇవే. అందుకే అందరూ ముందు వీటిపైనే పడతారు, అందుకే సమయానికి పూర్తికావు. ఒక్క ప్లేటుకు రెండు రోజులు కిల్న్ పడుతుంది. రెండోసారి మూస మీద పెట్టి 660 డిగ్రీల దగ్గర వంచేటప్పుడు, మూసకు కిల్న్ వాష్ (గాజు అంటుకోకుండా వేసే పూత) సరిగా లేకపోతే గాజు మూసకే అతుక్కుపోతుంది. పెద్ద ముక్క కాబట్టి పలక మీద వేలిముద్రలున్నా, జిడ్డున్నా మసక తేలిపోతుంది, కడిగి ఆరబెట్టిన గాజుతోనే పని మొదలుపెట్టాలి.

తిండికి వాడతారనుకుంటే రంగులు చూసి ఎంచుకోండి. ఎరుపు, పసుపు, నారింజ రంగుల గాజులో చాలావాటికి ఆ రంగు కాడ్మియం, సెలీనియం సమ్మేళనాల వల్ల వస్తుంది, తిండి తగిలే వైపు పూర్తిగా క్లియర్ పొర వేయడం మంచి అలవాటు. డైక్రోయిక్ పూత ఆ వైపు ఉండకూడదు. డిష్‌వాషర్, మైక్రోవేవ్, అవెన్ మూడూ వద్దు. ఇన్ని షరతులెందుకనిపిస్తే తాళాలు, చెవి దిద్దులు పెట్టుకునే ప్లేటనో, కుంకుమ భరిణ కింద పెట్టుకునేదనో చెప్పి ఇచ్చేయండి. దీపం పెట్టుకోవడానికని మాత్రం చెప్పకండి. టీ లైటు అడుగు వేడెక్కి ఒక్కచోటే కాగితే గాజు చీలే ప్రమాదం ఉంది.

ఇవి ఇద్దరికో ముగ్గురికో, అత్తగారు, ప్రాణ స్నేహితురాలు, అంతకు మించి పెట్టుకోవద్దు.

### సన్‌క్యాచర్లు, నైట్ లైట్లు

ముసురు పట్టిన ఊళ్లలో ఉండేవాళ్లకు కిటికీలో వేలాడే సన్‌క్యాచర్ ఇస్తే సంతోషిస్తారు. ఇందులో పారదర్శకమైన రంగులే వాడాలి. పాలలా మసకగా ఉండే ఓపాల్ గాజు పలక టేబుల్ మీద అందంగా ఉంటుంది, కిటికీలో వెలుగు దాని గుండా సరిగా రాక డల్‌గా కనిపిస్తుంది. కోసే ముందు పలకను బల్బు ముందు పట్టి చూడండి. నైట్ లైట్‌కు గాజు పని తక్కువే, ప్లగ్గులో పెట్టే సామాను వేరే కొనాలి. అది 120 వోల్టులది కాబట్టి ఇండియాలో 230 మీద పనికిరాదు, తాతయ్యలకు అమ్మమ్మలకు పంపే లిస్టులోంచి తీసేయండి.

## ఎవరికి ఏది

టీచర్లు, బస్ డ్రైవరు, ఇరుగుపొరుగు: ఆర్నమెంటు. పోస్టు తెచ్చేవాళ్లకు కూడా ఇదే సరిపోతుంది. యు.ఎస్. పోస్టల్ సర్వీస్ నిబంధనల ప్రకారం వాళ్లు ఒక సందర్భంలో 20 డాలర్లు మించని కానుకే తీసుకోవచ్చు, నగదు అసలు తీసుకోకూడదు.

ఆఫీసు సీక్రెట్ శాంటాకు రెండు కోస్టర్లు చాలు, నాలుగే ఉండాలన్న నియమమేమీ లేదు. భోజనానికి పిలిచే కుటుంబాలకు ముగ్గు కోస్టర్లు. ఇండియాలో ఉన్న అక్కచెల్లెళ్లకు, వదినలకు పెండెంట్లు.

పిల్లలతో కలిసి చేయడమే అసలు ఉద్దేశమైతే స్టూడియోలో ఒక మధ్యాహ్నం ఆర్నమెంట్ల క్లాసుకు వెళ్లండి, అక్కడ కోసిన ముక్కలు సిద్ధంగా ఉంటాయి. ఒంటరిగా, రాత్రిళ్లు, పిల్లలు పడుకున్నాక చేసుకునేవాళ్లకు పెండెంట్లూ మైక్రోవేవ్ కిల్నూ చక్కటి జోడీ. చిన్న షాపు పెట్టి అమ్ముదాం అన్న ఆలోచన ఎక్కడో మెదులుతుంటే మాత్రం ఈ డిసెంబరులో కిల్న్ కొనకండి. స్టూడియో షెల్ఫ్ అద్దెకు తీసుకుని కోస్టర్లు చేసి చూడండి. నాలుగూ ఒకే మందంతో, ఒకే కొలతతో వస్తున్నాయంటే అప్పుడు కొనొచ్చు.

## రోజుల లెక్క, ప్యాకింగ్

స్టూడియో మీద ఆధారపడితే నవంబరు రెండో వారానికి డిజైను తేలాలి, థాంక్స్‌గివింగ్ సెలవుల్లో అమర్చి ఇచ్చేయాలి. డిసెంబరు మొదటి వారం దాటాక ఇచ్చినవి పండగలోపు వస్తాయన్న నమ్మకం పెట్టుకోవద్దు, కిల్న్‌లో అప్పటికే అందరివీ ఉంటాయి. సొంత కిల్న్ ఉన్నవాళ్లు పైన టేబుల్‌లో విడతల లెక్క వేసుకుని, పగిలేవాటికీ నచ్చనివాటికీ ఇంకో రెండు విడతలు కలుపుకోండి.

పోస్టులో పంపేవాటిని ఒక్కొక్కటిగా బబుల్ ర్యాప్‌లో చుట్టి, నిలువుగా నిలబెట్టి పెట్టెలో సర్దండి, పడుకోబెట్టి దొంతర పెట్టిన కోస్టర్లే ఎక్కువగా పగులుతాయి. ఆ పెట్టెను ఇంకాస్త పెద్ద పెట్టెలో పెట్టి, మధ్యలో నలిపిన కాగితాలు కూరాలి. ఊపితే చప్పుడు రాకూడదు.

డిసెంబరు 15 దాటాక ఇది చదువుతున్నవాళ్లకు మిగిలింది మైక్రోవేవ్ పెండెంట్లు ఒక్కటే, అదీ జిగురు ఆరే రోజులు ఉంటేనే. లేదంటే లిస్టును రెండుగా చీల్చండి. టీచర్లకు, పోస్టాయనకు ఈసారికి కార్డులూ చాక్లెట్లూ ఇచ్చేసి, తెలుగు కుటుంబాలకు ముగ్గు కోస్టర్లను సంక్రాంతికి పెట్టుకోండి. జనవరి మొదటి వారంలో స్టూడియోల్లో షెల్ఫులు ఖాళీగా ఉంటాయి, ఫోన్ చేసిన రోజే తేదీ దొరుకుతుంది.